పురుగుల ఇంట్లో తొండపిల్ల

తొండను ఎవరైనా ముచ్చటపడి సాకుతారేమో నాకు తెలియదు. నేను మాత్రం ఓపిక లేక సాకాను. ఆ రోజుల్లో నాకు కాదు అని చెప్పే ఓపిక కూడా ఉండేది కాదు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి, చెప్పాక పిల్ల ఏడిస్తే ఊరుకోబెట్టాలి. దానికంటే సరే అనేస్తే పని అయిపోతుంది.

తొంభైల చివరి సంగతి. కొత్తచెరువుకు పోయే దారిలో మాకు రెండెకరాల మల్బరీ తోట ఉండేది. తక్కిన చేనంతా వేరుశనగ, అంటే వాన దయ. బోరులో ఊరే కాసిని నీళ్ళు మల్బరీకే సరిపోయేవి కావు. తోట పక్కన బండలు కప్పిన పొడుగాటి గది ఒకటి కట్టి, అందులో పట్టుపురుగులు పెంచేవాళ్ళం. పేరుకు మాకు వేరే ఇల్లు ఉండేది కానీ, పురుగులు వచ్చిన నాటి నుంచి గూళ్ళు కట్టేదాకా మా కాపురం ఆ గదిలోనే. అందరూ దాన్ని పురుగుల ఇల్లు అనేవాళ్ళు. నిజానికి ఆ ఇంట్లో యజమానులు పురుగులే, మేము వాటి పనివాళ్ళం.

పట్టుపురుగు కంటే సుకుమారి ఇంకెవరూ ఉండరు. ఎండ తగలకూడదు. వేడి తగలకూడదు. గాలి ఆడాలి, కానీ మా సీమ ఎండుగాలి తగలకూడదు. అందుకని కిటికీలన్నిటికీ గోనెపట్టాలు వేలాడదీసి, గంటగంటకూ నీళ్ళు చల్లేవాళ్ళం. గోడకు ఒక థర్మామీటరు ఉండేది. ఎన్నిసార్లు దాని మొహం చూసేదాన్నో, మా ఆయన మొహం అన్నిసార్లు చూసి ఉండను. రోజుకు నాలుగు మేతలు, మధ్యలో పెంట తీయడం, తట్టలు మార్చడం, మళ్ళీ ఆకు కోయడం. చీమలు ఎక్కకుండా, పురుగుల తట్టలు పేర్చే స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాలి. పురుగు మీద గుడ్డు పెట్టి చంపే ఊజీ ఈగ రాకుండా కిటికీలకు పచ్చ వల కట్టాలి. ఎలుకల కోసం ఒక కన్ను, బల్లుల కోసం ఇంకొక కన్ను. గోడ మీద బల్లి కనబడితే మా ఆయన తింటున్న అన్నం వదిలి చీపురు తీసుకునేవాడు. ఒక్క బల్లి లోపల చేరిందంటే తట్ట మీద కూర్చుని తిన్నన్ని పురుగులు తింటుంది.

అలాంటి ఇంట్లో నేను తొండపిల్లను పెట్టాను.

అప్పుడు మా పాపకు తొమ్మిదేళ్ళు. శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్నాయి. కొత్త పంటకు పిల్లపురుగులు వచ్చే రోజు అది. గోనెపట్టాలు ఇంకా కట్టలేదు. నా రెండు చేతుల్లోనూ ఆకుమోపు ఉంది. బడి నుంచి వచ్చిన పిల్లను కనీసం నీళ్ళు కూడా తాగనీయకుండా, స్టూలు ఎక్కి ఆ పట్టాలు కట్టు అన్నాను. కట్టింది. మూడు కిటికీలకు చక్కగా కట్టింది. నాలుగోదానికి నీళ్ళు తాగి బరువెక్కిన పట్టాను పైకి ఎత్తబోయి, పట్టాతో సహా కింద పడింది. కుడికాలి ఎముక విరిగింది. అనంతపురం పెద్దాసుపత్రిలో తొడ దాకా సిమెంటు కట్టు వేసి, ఒకటిన్నర నెల మంచం దిగకూడదని చెప్పారు.

ఎక్కించింది నేనే అని నాకు ఎవరూ చెప్పలేదు. మా ఆయన కూడా అనలేదు. అని ఉంటే ఒకసారి పోట్లాడుకుని తేలికపడేదాన్ని.

ఇంటి దగ్గర పిల్లను చూసుకునే మనిషి లేదు. పురుగులను వదిలి నేను ఇంటి దగ్గర ఉండలేను. అందుకని నులకమంచం తెచ్చి పురుగుల ఇంట్లోనే, నీళ్ళకుండ పక్కన, చల్లగా ఉండే మూల వేశాము. కళ్ళ ముందర ఉంటుంది, చల్లగా ఉంటుంది, ఇంకేం కావాలి అనుకున్నాను. పిల్లకు పగలంతా బండల కప్పు, తడి గోనెలు, తట్టల వరసలు కనిపించేవి. పురుగులు ఆకు తింటుంటే వాన పడుతున్న చప్పుడు వస్తుంది. మొదటి రోజు అది విని, "బయట వాన వస్తాందా మ్మా?" అని అడిగింది. ఆ తర్వాత అడగలేదు.

తొండపిల్ల ఆకుమోపులో వచ్చింది. మంచం పక్కన మోపు విప్పి పరుస్తుంటే, చిటికెన వేలంత తొండపిల్ల ఒకటి ఆకుల్లోంచి ఎగిరి సిమెంటు కట్టు మీద పడింది. అక్కడే అతుక్కుని తల ఎత్తి పిల్లవైపు చూసింది. నేను చీపురు కోసం వెనక్కి తిరిగేలోపే పాప రెండు చేతులూ దాని మీద మూసేసింది.

"నేను సాక్కుంటా మ్మా. నాతో మాట్లాడేకి ఎవరున్నారు ఈడ?"

"తొండ మాట్లాడతాదా?"

"మీరు మాట్లాడతాండారా?"

సరే అన్నాను.

మా ఆయన ఆకు గంప దించుతూ ఈ మాట విన్నాడు. "బల్లులను తరిమేకే మనకు దినం చాలకుండా ఉండాది. నువ్వు తొండను తెచ్చి ఇంట్లో పెడతానంటావా?" అన్నాడు నాతో. తర్వాత పిల్ల కాలు చూశాడు. "ఒక్క తూరి బయటికొచ్చినా ఆ పొద్దే దాన్ని వంకలో ఇడిచి వస్తా," అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

ఇంక దానికి ఇల్లు వెతకడం నా నెత్తిన పడింది. ముందు ఊరగాయ పెట్టుకునే గాజు సీసా కడిగి ఇచ్చాను. మూతకు మేకుతో చిల్లులు పొడిచాము. గాజు కాబట్టి పిల్లకు బాగా కనిపిస్తుందని నా లెక్క. కానీ ఊరగాయ సీసాను ఎంత కడిగినా కారం ఘాటు పోతుందా? తొండ లోపల గోడలు ఎక్కుతుంది, జారుతుంది, నోరు తెరుస్తుంది. సాయంత్రానికి సీసా లోపలంతా చెమట పట్టింది. "దానికి కండ్లు మండుతాండాయి మ్మా," అని పిల్ల కూర్చుని ఏడుపు మొదలుపెట్టింది. సీసా మళ్ళీ ఊరగాయకే పోయింది.

రెండోది కోళ్ళను మూసే గంప. మంచం పక్కన బోర్లించి, కింద తొండను పెట్టాము. అది ఎలా బయటికి వచ్చిందో మేము చూడలేదు. కోడి పట్టే గంపలో తొండపిల్లకు సందు దొరకదా అన్న ఆలోచన నాకు రాకపోవడమే విచిత్రం. నిద్ర లేక తిరిగేవాళ్ళ తెలివి అలాగే ఉంటుంది. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోబోతుంటే తువ్వాలు మీద తొండ కనిపించింది. నేను కేక వేయలేదు. మాటల్లో పెట్టి, దగ్గరికి పోయి, దుమ్ము దులిపినట్టుగా చేత్తో తీసి కొంగులో చుట్టేశాను. పాప దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది. కాలు విరిగాక అదే మొదటిసారి నవ్వడం. ఆ నవ్వు విన్నాకే నాకు ఈ పని మీద కొంచెం మనసు పెట్టాలనిపించింది.

మూడో ఇల్లు నేనే కట్టాను. పురుగులను పెట్టే వెదురు తట్ట, అంచు విరిగి మూలన పడేసింది ఒకటి ఉంది. దాన్ని పేడతో అలికి ఆరబెట్టాను. చుట్టూ మల్బరీ పుల్లలు నాలుగు నిలబెట్టి, వాటి చుట్టూ, పైనా, కిటికీలకు కట్టగా మిగిలిన పచ్చ వల పరిచి దబ్బనంతో కుట్టాను. పైన ఒకచోట చెయ్యి పట్టేంత సందు ఉంచి, దానికి తాడు ముడి వేశాను. లోపల పాత పేపరు పరిచి, ఎక్కి కూర్చోవడానికి ఒక కొమ్మ పెట్టాను. పిల్లపురుగుల తట్టలో చెమ్మ నిలవడానికి చుట్టూ తడి స్పాంజి ముక్కలు పెడతాము. దీనికీ పెట్టాను. తట్టను ముక్కాలి పీట మీద పెట్టి, పీట కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు ఉంచాను. పిల్ల మంచానికీ నీళ్ళకుండకూ నడుమ, గదిలో అన్నిటికంటే చల్లటి చోట పెట్టాను. నాకు తెలిసిన విద్య అంతా దాని మీద చూపించాను. ఎన్నో పంటలు తీసిన దాన్ని కదా, ప్రాణమున్న పురుగును ఎలా చూసుకోవాలో నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం గర్వపడ్డాను.

పాప అంతా చూసి, "దానికి కిటికీ పెట్టల్యా?" అని అడిగింది.

"వల ఉండాది కదా, అంతా కిటికీనే."

"వల ఉంటే? ఆ పక్క గోనెపట్టానే కనపడతాది కదా."

నేను మేతకు వేళైందని లేచిపోయాను.

తొండకు తిండికి లోటు లేదు. ఎదగకుండా వెనకబడిన చిన్న పురుగులను ఎలాగూ ఏరి పారేస్తాము. అవి దానికి. పాప ఒక్కొక్కటే పుల్లతో పెట్టేది, తొండ నాలుక చాచి లాగేసుకునేది. ఆ వారం పిల్ల నన్ను దేనికీ పిలవలేదు. కట్టు లోపల దురద అని ఏడవలేదు. నేను లోలోపల ఆ తొండకు దండం పెట్టుకున్నాను. ఇరవై రోజులుగా నడుం వాల్చని మనిషికి, ఒక పిల్ల పిలవకపోవడం ఎంత పెద్ద సుఖమో చెప్తే సిగ్గుగా ఉంటుంది.

పట్టుపురుగు నాలుగుసార్లు తోలు మార్చుకుంటుంది. మా వైపు దాన్ని జ్వరం అంటారు. అప్పుడు పురుగులన్నీ తల కొంచెం పైకెత్తి, బొమ్మల్లా కదలకుండా ఉండిపోతాయి. మేత వేయకూడదు, తాకకూడదు, తట్ట కదిలించకూడదు. వాటి కింది ఆకు పడక ఆరడానికి పైన సున్నం చల్లుతాము. ఒక పగలూ రాత్రీ గడిచాక తోలు విడిచి లేస్తాయి. నాలుగో జ్వరం అన్నిటికంటే పెద్దది. అప్పుడు ఇల్లంతా నిశ్శబ్దం అయిపోతుంది.

సరిగ్గా ఆ నాలుగో జ్వరం రోజునే తొండ కూడా కదలడం మానేసింది. కొమ్మ మీద తల ఎత్తి, కళ్ళు సగం మూసి, అలాగే ఉంది. పురుగు నోటి దగ్గర పెట్టినా తినలేదు. వీపు మీద తోలు తెల్లగా పొరలు లేస్తోంది.

"అమ్మా, దీనికి ఏమో అయింది," అంది పాప.

నేను వంగి చూశాను. తల ఎత్తి ఉంది, కదలడం లేదు, తోలు లేస్తోంది. ఇందులో నాకు తెలియనిది ఏముంది?

"ఏమీ కాలేదు. తోలు మార్చుకుంటాంది. రేపు లేస్తాది, పండుకో."

పురుగులకు చేసినట్టే చేశాను. మేత ఆపించాను. చుట్టూ సున్నం చల్లాను. వెలుతురు తగలకుండా వల మీద పేపరు కప్పాను. స్పాంజి ముక్కలు ఇంకోసారి తడిపాను. పాప చెయ్యి పెట్టబోతే గదమాయించాను. "ముట్టుకుంటే చస్తాది," అన్నాను. పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని దుప్పటి కింద పెట్టుకుంది. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు కళ్ళ ముందు కనబడుతుంది.

మర్నాడు మధ్యాహ్నానికి ఒకటీ అరా పురుగులు లేవడం మొదలుపెట్టాయి. తొండ లేవలేదు. మూడో రోజు తెల్లారేసరికి పురుగులన్నీ లేచాయి, ఆకలితో తలలు ఆడిస్తున్నాయి. నాలుగో జ్వరం లేచాక వేసే మొదటి మేత అన్నిటికీ ఒకేసారి అందాలి. ఆలస్యమైతే కొన్ని ముందు, కొన్ని వెనుక పెరిగి పంట చెడుతుంది. ఆ పంట చెడితే మాకు మళ్ళీ పంట దాకా ఏమీ లేదు. ఆకు కోసే పెద్దామె ఒకామె మోపులు తెచ్చి పడేస్తోంది. ఊళ్ళో చర్చికి పోయే ముసలామె, మా తోటలో ఎప్పటి నుంచో పని చేస్తుంది, ఎవరి మొహమాటానికీ పోదు. నేను మోపు విప్పుతున్నాను.

పాప ఆమెను పిలిచింది. నన్ను పిలవలేదు.

"అవ్వా, దీన్ని ఒక తూరి చూడు."

ముసలామె పేపరు తీసి, వలలోకి చెయ్యి పెట్టి తొండను వేలితో తాకింది. నేను అక్కడి నుంచే, "పెద్దమ్మా, ముట్టుకోవద్దు, తోలు మార్చుకుంటాంది," అన్నాను.

"ఏం తోలు మ్మా," అంది ఆమె. "సల్లగా రాయి మాదిరి ఉండాది. ఎండ లేకుంటే తొండ యాడన్నా బతుకుతాదా? పొద్దున్నే బండల మీద అవి ఎట్ల కాగుతాంటాయో నువ్వు సూడలేదా? పురుగు అనుకున్యావా ఏం?"

చూడకేం. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. మా వైపు కంచె కంచెకూ, గుట్ట గుట్టకూ పొద్దు పొడవగానే తొండ కనిపిస్తుంది. అయినా నాకు తోచలేదు. పదేళ్ళుగా ఎండను శత్రువును చూసినట్టు చూసి, గోనెలు తడిపి తడిపి, ప్రాణమున్న ఏదైనా సరే చీకట్లో చల్లగా ఉంచితేనే బతుకుతుందని నా ఒంటికి అలవాటైపోయింది.

ముసలామె తట్టను అలాగే ఎత్తుకుని బయటికి పోయి, వాకిట్లో బట్టలుతికే బండ మీద ఎండలో పెట్టింది. నేను ఆకు చేతిలో పట్టుకుని వాకిలి దగ్గర నిలబడ్డాను. చాలాసేపు ఏమీ కాలేదు. చచ్చిపోయింది, పిల్లకు ఏం చెప్పాలి అనుకుంటున్నాను. తర్వాత ఎండను తాగుతున్నట్టు దాని ఒళ్ళు మెల్లగా నల్లబడింది. ఒక కన్ను తెరిచింది. వీపు మీద తోలు పొర ఒకటి ఊడి పేపరు మీద పడింది. ఇంకాసేపటికి ముందుకాళ్ళు కూడగట్టుకుని, తల పైకీ కిందికీ ఆడించింది.

"బతికింది," అంది ముసలామె, అంతే, మళ్ళీ తోటలోకి పోయింది.

"బతికిందా?" అని లోపలి నుంచి పాప అడిగింది. మంచం మీద నుంచి ఆ బండ కనిపించదు.

"బతికింది. తల ఆడిస్తాంది."

"నాకు చూపియ్యి మ్మా."

"మేత ఏసి వస్తా, ఉండు."

పిల్ల చాలా మామూలుగా, కోపం లేకుండా అంది.

"మేత ఏసి వస్తా అని దినామూ చెప్తాండావు. దాన్ని ఎండలో పెట్టినారు కదా మ్మా. నన్నెప్పుడు పెడతారు?"

నేను లోపలికి పోయి పిల్లను చూశాను. చూశాను అంటే, ఆ ఇరవై రోజుల్లో మొదటిసారి చూశాను. మొహం పాలిపోయి ఉంది. కట్టు బయట కనిపించే కాలివేళ్ళు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. దుప్పటి చెమ్మ చెమ్మగా ఉంది. తడి గోనెల పక్కన, నీళ్ళకుండ పక్కన, నేనే తెచ్చి వేశాను ఆ మంచం. గోడ మీద థర్మామీటరు చూడటం ఒక్కపూట మానలేదు. ఈ పిల్లకు చలిగా ఉందా అని ఒక్కసారి అడగలేదు. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను, దాచుకోలేదు.

మా ఆయన లోపలి వరసల్లోంచి, "మేత యాళైంది, ఆకు తెస్తాండావా లేదా?" అని అరిచాడు.

"తేను," అన్నాను. "ముందు నువ్వొచ్చి ఈ మంచం ఒక పక్క పట్టుకో."

వచ్చాడు. ఇద్దరం మంచాన్ని పిల్లతో సహా ఎత్తి, తట్టల సందులోంచి పక్కకు ఒరగకుండా నడిపి వాకిట్లోకి తెచ్చాము. పొద్దు ఇంకా కంచె మీదే ఉంది, ఎండ లేతగా ఉంది. పిల్ల వెలుతురుకు తట్టుకోలేక మోచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసింది. తట్ట వైపు చెయ్యి చాచి, "ఆ ముడి విప్పు నాయనా," అంది వాళ్ళ నాన్నతో.

"పోతాది పాపా."

"పోనీ."

ఆయన ముడి విప్పాడు. తొండ వెంటనే పోలేదు. వల అంచు మీదికి ఎక్కి, ఎండలో ఒళ్ళు ఆనించి, పాప వైపు తల ఆడిస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత ఎప్పుడు పోయిందో ఎవరమూ చూడలేదు.

ఆ పంట సరిగా రాలేదు. మేత ఆలస్యమైన తట్టల్లో గూళ్ళు పలచగా వచ్చాయి. కట్టు విప్పేదాకా రోజూ పొద్దున్నే మంచం వాకిట్లోకి తెచ్చేవాళ్ళం, ఎండ ముదిరితే కానుగ చెట్టు కిందికి జరిపేవాళ్ళం. మేత వేళకు నేను లోపలికి పోయే ముందు పిల్ల కాలివేళ్ళు ఒకసారి పట్టుకుని చూసేదాన్ని. వెచ్చగా ఉంటేనే ఆకుమోపు ఎత్తుకునేదాన్ని.